తోమకూడని వెండి

నాకు మురికి కనబడితే చేతులు ఊరుకోవు. అది మంచి గుణమని చిన్నప్పటి నుంచి అందరూ మెచ్చుకుంటూ వచ్చారు. మా నాన్న గోదావరి పక్కన మా ఊరి చర్చిలో గంట కొట్టేవాడు. రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్లకి ముందు రోజు వెండి గిన్నె తోమే పని నాది. చింతపండు, పొయ్యిలో బూడిద, కాస్త కొబ్బరి పీచు. ఆదివారం పాస్టరుగారు ఆ గిన్నె పైకెత్తితే తళతళలాడేది, నేను ప్రార్థన మానేసి దాన్నే చూసేదాన్ని. ఆ చేతులే కువైట్‌లో ఒక మనిషి ఉద్యోగం ఊడగొట్టాయి. నా ఉద్యోగం కాదు, ఇంకొకరిది.

ఇక్కడ నేనొక ముసలాయన్ని చూసుకుంటాను. ఇంట్లో అందరూ ఆయన్ని బాబా అంటారు, నేనూ అంతే. ఆయన కూతురిది ఇంటి పెత్తనం, ఆమెను మామా అంటాం. బాబాకి చూపు దాదాపు పోయింది, కోపం మాత్రం చెక్కుచెదరలేదు. కుర్రతనంలో జర్మనీలో న్యూరెంబర్గ్ అనే ఊళ్ళో యంత్రాల చదువు చదివాడట. పూర్వం ఆ ఊరికి సొంత రాజంటూ లేడట, చక్రవర్తికి తప్ప ఎవరికీ తలవంచేది కాదట. ఊరి పెద్దలే కూర్చుని తమ బంగారం, తమ వెండి తామే నాణేలుగా కొట్టించుకునేవాళ్ళట. ఆ పాత నాణేలు వెతికి వెతికి ఒక పెట్టె నిండా కొన్నాడు. ఉదయం టిఫిన్ అయ్యాక ఆ పెట్టె తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టాలి. ఒక్కోదాన్నీ బొటనవేలితో తడిమి ఇది ఫలానా అని చెబుతాడు, నేను చూసి అవునో కాదో చెప్పాలి.

బంగారువి రూపాయి బిళ్ళంత ఉంటాయి, నొక్కితే వంగుతాయేమో అన్నంత పల్చన. డ్యూకట్ అంటారు వాటిని. ఒకదాని మీద గొర్రెపిల్ల భూగోళమెక్కి జెండా పట్టుకుని నిలబడి ఉంటుంది. మొదటిసారి చూసినప్పుడు ఆపుకోలేక, "ఇది మా చర్చి గొర్రెపిల్ల, బాబా" అన్నాను. ఆయన పగలబడి నవ్వి, "నీదైతే నువ్వే జాగ్రత్తగా చూసుకో" అని పెట్టె తాళం నా చేతికిచ్చాడు. దాన్ని బాబా గది గోడ మేకుకే తగిలించేదాన్ని, ఇల్లు సర్దేవాళ్ళకీ అందేది. బంగారంతో నాకు ఏ పేచీ లేదు, ఎన్ని వందల ఏళ్ళైనా దానికి మకిలి పట్టదు. పేచీ అంతా వెండితోనే.

థాలర్ అనే పెద్ద వెండి నాణెం ఒకటుండేది, సగం అరచేయి నిండుతుంది. దాని మీద ఊరంతా చెక్కారు. కోటగోడ, ఇళ్ళ కప్పులు, గోపురాలు. ఏం లాభం, అట్ల పెనం అడుగులా నల్లగా ఉండేది. బాబా రోజూ దాని గురించే అడిగేవాడు. "గోపురాలు లెక్కపెట్టు. ఎడమ నుంచి మూడోదాని పక్కనే నేనున్న వీధి." నేను ఒకరోజు పదకొండు అనేదాన్ని, మర్నాడు పదమూడు. "కళ్ళు పోయింది నాకా నీకా?" అని కసిరేవాడు. నాకు తిక్క రేగేది. అంత చదువుకున్న మనిషి ఇంత మురికి ఎలా ఓర్చుకున్నాడా అనుకునేదాన్ని. పెట్టె మూసేశాక కూడా ఆ నలుపు నా వేళ్ళని పీకుతూనే ఉండేది.

ఈస్టరుకి ముందు శనివారం. ఊళ్ళో అయితే గిన్నె తోమే రోజు. బాబా మధ్యాహ్నం కునుకు తీస్తున్నాడు. వంటింట్లోకి వెళ్ళి కడప అక్క డబ్బాలోంచి ఉసిరికాయంత చింతపండు తీశాను. కడప అక్క అంటే ఆ ఇల్లు తుడిచి, కడిగి, సర్దే ఆవిడ. నాకంటే చాలా ముందు నుంచి ఉంది. నేను వచ్చిన కొత్తలో నాలుగు అరబీ ముక్కలు నేర్పింది ఆవిడే. బూడిద దొరకలేదు కాబట్టి పళ్ళపొడి వేశాను. కాసేపు తోమేసరికి నలుపంతా కారిపోయి కింద నుంచి ఊరు తెల్లగా లేచి వచ్చింది. ఇళ్ళకి కిటికీలు కూడా ఉన్నాయి! నా ఒళ్ళు పులకరించింది.

బాబా లేచాక ఒక్కో గోపురం వర్ణించి చెప్పాను. ఏది సన్నం, ఏది లావు, దేని కొసన శిలువ ఉంది, మూడోదాని పక్కన ఇల్లు ఎలా ఉంది. ఆయన నా చెయ్యి పట్టుకుని, "ఇవాళ నీ కళ్ళు బాగున్నాయి" అన్నాడు. నా అంతటిది లేదనుకున్నాను ఆ పూట.

కొన్నాళ్ళకి నాణేల సంగతి తెలిసిన పెద్దమనిషి ఒకాయన ఇంటికొచ్చాడు. తన తర్వాత ఇవి చెల్లాచెదురు కాకుండా మ్యూజియంలో పెట్టాలని బాబా కోరిక. వచ్చినాయన భూతద్దంతో ఒక్కోటీ చూస్తూ ఆ వెండి థాలర్ దగ్గర ఆగిపోయాడు. "దీన్నెవరో తోమారు" అన్నాడు. ఆ నలుపు మురికి కాదట. వందల ఏళ్ళలో వెండి తనంతట తాను కప్పుకున్న పొరట. తెలిసినవాళ్ళు దాన్ని గుడ్డతో కూడా తుడవరట. ఇప్పుడు నాణెం నిండా సన్నటి గీతలే, దీన్ని మ్యూజియంలో పెట్టరన్నాడు. బాబా చెయ్యి చాచాడు. నాణెం చేతికి తీసుకుని దాన్ని బొటనవేలితో తడుముతూ ఉండిపోయాడు. ఆయన కుర్చీ వెనకే నేనున్నాను. పక్కనున్న ఖాళీ గ్లాసు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయాను.

మామా మమ్మల్నందర్నీ హాల్లోకి పిలిచింది. ఎవరూ ఏమీ అనకముందే బాబా, "ఇది నా పిల్ల పని కాదు. నన్నడక్కుండా అది ఏ పనీ చెయ్యదు" అన్నాడు. అంతకు ముందు నెలలోనే కడప అక్క ఇంట్లో వెండి పళ్ళేలు, కాఫీ కూజాలు అన్నీ తోమిపెట్టింది. మామాకి అది గుర్తొచ్చింది, ఇక ఎవర్నీ అడగలేదు. అక్క "నేను కాదు మామా" అంది. ఒక్కసారే అంది. తర్వాత నా వైపు చూసింది. నేను బాబా శాలువా సర్దాను.

అక్క ఇఖామా, అంటే ఇక్కడ ఉండనిచ్చే కార్డు, ఆ నెలతో అయిపోతుంది. కొత్తది చేయించను, పనివాళ్ళని పంపే ఆఫీసు వాళ్ళకి అప్పగించేస్తాను, ఖలాస్ అంది మామా. మూడు రోజులు కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగాను. మందులిచ్చిన సంగతి మర్చిపోయి మళ్ళీ ఇవ్వబోయాను. తుడిచిన బల్లే తుడిచాను. నేను పోతే బాబాని ఎవరు చూస్తారని నాకు నేనే సాకు చెప్పుకున్నాను. బాబా మీద జాలి కాదు, నాకు భయం. అంతే. పక్క గదిలో అక్క బట్టలు మడత పెట్టుకుంటున్న చప్పుడు వినిపించేది, నేను గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చేసేదాన్ని. నాలుగో రోజు ఉదయం ఆఫీసు బండి వచ్చింది. నేను కిటికీలోంచి చూశాను. అక్క పెట్టె తానే ఎత్తుకుంది.

మర్నాడు ఉండబట్టలేక మామాకి చెప్పేశాను. ఆమె ఫోన్‌లోంచి తలెత్తింది. "ఇప్పుడు చెప్పి ఏం లాభం? నిన్ను కూడా పంపేస్తే మా నాన్నని ఎవరు చూస్తారు? ఆయనకి మాత్రం చెప్పకు. యల్లా, మందుల టైమైంది" అంది. నాకు బతికిపోయాననిపించింది. ఆ అనిపించడమే నన్ను ఇప్పటికీ కూర్చోనివ్వదు.

అక్కని వెతుక్కుంటూ రెండు శుక్రవారాలు మనవాళ్ళు ఎక్కువగా చేరే అబ్బాసియాలో తిరిగాను. మూడో శుక్రవారం దర్జీ కొట్టు పక్క టీ బడ్డీ దగ్గర కనిపించింది. బాగా చిక్కిపోయింది. కొత్త ఇంట్లో ఆరుగురు పిల్లలట, శుక్రవారం సెలవు కూడా ఒక్క పూట మాత్రమేనట.

"అక్కా, ఆ నాణెం తోమేసింది నేనేనండి," అన్నాను. ఏడుపొచ్చేసింది. "తర్వాత మామాకి కూడా చెప్పేశానక్కా."

"తెలుసు లేమ్మే. ఆ పొద్దు సింకులో చింతపండు పిప్పి ఎత్తి పారేసింది నేనే కదా."

"మరి ఆ రోజే చెప్పచ్చు కదక్కా, నేనని?"

అక్క టీ గ్లాసు బల్ల మీద పెట్టింది.

"నువ్వే చెప్తావులే అని సూస్తా ఉంటి," అంది. "బండి ఎక్కేదాంకా సూస్తానే ఉంటి."