గంగాలమ్మ పెట్టిన భోజనం

పెదజాలారిపేట గంగాలమ్మ నోటికి జడిసి హార్బర్‌లో వేలంపాట పాడేవాళ్ళే పక్కకు తప్పుకుంటారు. అలాంటి మనిషి ఆ బుధవారం పొద్దుటినుంచీ ఒకే ఒక్క మాటను గొంతులో పెట్టుకుని, బయటికి తీయలేక, మింగలేక నానా అవస్థా పడుతోంది.

ఆ మాట చెప్పడానికే సుధారాణిగారిని ఊరు చూపిస్తానని బయల్దేరదీసింది. సుధారాణిగారు టెలిఫోన్ ఆఫీసులో చేసి రిటైరైన మనిషి. మద్దిలపాలెంలో లిఫ్టు లేని పాత అపార్ట్‌మెంట్‌లో, మూడో అంతస్తులో ఒక్కరే ఉంటారు. భర్త భీమశంకరరావుగారు పోయి ఆరేళ్ళయింది. ఇరవై ఏళ్ళుగా ప్రతి ఆదివారం గంగాలమ్మ చేపల గంప దిగేది ఆవిడ గుమ్మంలోనే. దిగాక చూడాలి ఇక వాళ్ళిద్దరి భాగోతం! ఈవిడ ఒక ధర చెబుతుంది, ఆవిడ అందులో సగం అంటారు. ఈవిడ గంప ఎత్తబోతుంది, ఆవిడ తలుపు వేయబోతారు. ఇద్దరూ ఆ రెండు పనులూ ఎన్నడూ చేయలేదు. బేరం తెగాక కత్తిపీట ముందేసుకుని చేపలు కోయడం, టీ తాగడం, మధ్యలో కోడలి మీద నాలుగు మాటలు, ఎదురింటివాళ్ళ మీద నాలుగు. గంగాలమ్మ లేచేసరికి ఎండ నడినెత్తికొస్తుంది.

ఇప్పుడు మోకాళ్ళు మొరాయించాయి. గంప దించేయమని డాక్టరు చెప్పాడు, కొడుకూ చెప్పాడు. మిగతా ఇళ్ళకు ఇప్పటికే కోడలు ఈశ్వరి స్కూటీ వెనక ఐసు డబ్బా కట్టి, ఫోన్లో ఆర్డర్లు తీసుకుని, గేటు దగ్గరే చేపలిచ్చేసి వస్తోంది. కాబట్టి ఎవరికీ చేపలకు లోటు లేదు. లోటల్లా గంగాలమ్మకే. గంప లేకుండా వెళ్ళి ఆ మూడో అంతస్తు తలుపు ఏమని తడుతుంది? చేపలమ్మే మనిషి చేపలు లేకుండా వచ్చి కూర్చుంటే ఏమనుకుంటారు? ఇన్నేళ్ళూ ఆవిడ నవ్వుతూ మాట్లాడింది తనతోనా, తన గంపతోనా? అది తేలిపోతుందనే గంగాలమ్మ భయం.

అందుకే పోయిన ఆదివారం లేస్తూ లేస్తూ అంది. "అమ్మా, బుధవారం కాళీయేనా? కైలాసగిరి ఎల్దాం. మజ్జానం హోటల్లో బోయినం. నానే పెడతాను, నువ్వు సంచీలో సెయ్యెట్టకూడదు."

"ఏంటే గంగాలూ, లాటరీ తగిలిందా?" అని నవ్వారు సుధారాణిగారు. అయినా చెప్పిన టైముకంటే ముందే గేటు దగ్గర నిలబడ్డారు.

రోప్‌వే ఎక్కగానే గంగాలమ్మ కళ్ళు మూసుకుని ఆవిడ చెయ్యి పట్టేసుకుంది.

"సముద్రం ఒడ్డున పుట్టినదానివి, నీకు భయమేంటే!"

"నీళ్ళయితే ఈదతాను తల్లీ. గాల్లో ఏటి సేత్తాను?"

కొండమీద ఇద్దరూ బొమ్మరైలెక్కి చుట్టూ తిరిగారు. శివపార్వతుల విగ్రహాల ముందు ఎవరో కాలేజీ పిల్ల చేత ఫోటో తీయించుకున్నారు. సుధారాణిగారు శంఖాల దండ ఒకటి చాలాసేపు బేరమాడి, తీరా దండలమ్మే పిల్ల ధర తగ్గించాక కొనకుండా నడిచారు. "పాపం, ఆ గుంటనెందుకలా ఏడిపించావు?" అని గంగాలమ్మ దారి పొడుగునా సాధించింది. ఒళ్ళు అలిసినా మనసు మాత్రం తేలిగ్గా ఉంది. మాట మాత్రం ఇంకా గొంతులోనే ఉంది.

బీచ్‌రోడ్డు హోటల్లో కిటికీ పక్కన కూర్చున్నారు. సర్వరు రాగానే గంగాలమ్మ పెద్దరికం తీసుకుంది. "నాకు బోయినం సాలు బాబూ. తాజాదో కాదో సేప కళ్ళు సూడందే నాను తినను. మాయమ్మకి మాత్రం వంజరం యేపుడు, పెద్ద ముక్క ఎయ్యి. ఆవిడకి సేపలంటే పేణం."

సుధారాణిగారు ఏదో అనబోయి మంచినీళ్ళ గ్లాసు అందుకున్నారు.

అన్నం వడ్డించారు. వేయించిన చేప ముక్క పళ్ళెంలో పొగలు కక్కుతోంది. ఇక ఆగితే లాభం లేదనుకుని గంగాలమ్మ తల వంచుకుని గబగబా చెప్పేసింది. "అమ్మా, నాను గంప దించేత్తన్నాను. మోకాళ్ళు రానంతన్నాయి. ఈ ఆదివారం నుంచి మా ఈశ్వరి తెత్తాది. మంచి సేపలే తెత్తాది, బెంగెట్టుకోకు."

సుధారాణిగారు చేప ముక్కను ముట్టుకోలేదు. అన్నం కెలుకుతూ కూర్చున్నారు. గంగాలమ్మ ఆవిడ పళ్ళెం వంకే చూసింది. అయిపోయింది. గంప దిగింది, చుట్టరికమూ దిగింది. డబ్బులు పోసి పెట్టిన చేప కూడా ముట్టుకోవడం లేదు మహాతల్లి.

"తినమ్మా, సల్లారిపోతంది," అంది చివరికి, బతిమాలుతున్నట్టు.

"గంగాలూ, నేను చేపలు తిననే."

"ఇయాల బుధవారమే కదమ్మా?"

"ఏ వారమూ తినను. చిన్నప్పుడు ముల్లు గొంతులో గుచ్చుకుని చావు తప్పింది. అప్పట్నుంచీ ముట్టలేదు. ఆయన కోసం వండేదాన్ని."

గంగాలమ్మ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "బాబుగోరు పోయి ఆరేళ్ళయింది. మరి ఇన్నాళ్ళూ నా సేపలు?"

"వాచ్‌మన్ వీర్రాజుకి. నువ్వు మెట్లు దిగి సందు తిరిగాక పిలిచి ఇచ్చేసేదాన్ని."

"ఓలమ్మో! ఆడికా?" గంగాలమ్మ అసలు గొంతు అప్పుడు లేచింది. పక్క బల్లలవాళ్ళు తలలు తిప్పారు. "ఏరి ఏరి నీకోసరం దాసి తెచ్చిన సందువ సేపలు ఆ ఈర్రాజుగాడు తిన్నాడా? నన్ను సూత్తే అంత నవ్వుమొగం ఎట్టుకుంటాడేటా అనుకున్నాను! అది సరే, నువ్వు తినని సేపకి ఆ బేరమేటమ్మా? పది రూపాయల కాడ నా పేణం తోడేసేదానివి కదా!"

"బేరమాడకపోతే నువ్వెంతసేపుంటావే, పిచ్చిదానా? చేపలిచ్చి, డబ్బులు తీసుకుని దిగిపోతావు." సుధారాణిగారు పళ్ళెం పక్కకు జరిపారు. "వారమంతా ఆ ఇంట్లో మనిషి గొంతు వినిపించేది ఆ ఒక్కపూటే. ఇప్పుడు గంప దించేస్తానంటున్నావు. ఇంక నువ్వు రావు కదా. నాకు ముద్ద ఎలా దిగుతుంది?"

గంగాలమ్మ చేతిలో ముద్ద పళ్ళెంలో పెట్టేసింది. తనొక్కతే భయపడుతున్నాననుకుంది ఇన్నాళ్ళూ. కళ్ళలో నీళ్ళు వాటంతటవే కారిపోయాయి. నలుగురూ చూస్తున్నా తుడుచుకోలేదు. సర్వరు కంగారుగా వచ్చి కారం ఎక్కువైందా అమ్మా అని అడిగాడు.

"కారం కాదు బాబూ. ఈ సేప తీసేసి మాయమ్మకి ముద్దపప్పు ఎయ్యి. నెయ్యి బాగా ఎయ్యి," అని, అతను వెళ్ళాక సుధారాణిగారి చెయ్యి మీద చెయ్యి వేసింది.

"ఆదివారం వత్తాను. మోకాళ్ళు నొప్పెడితే మెట్టు మెట్టుకీ కూకుని వత్తాను. సేపలు తేనమ్మా, నానే వత్తాను."