రంగం తాతకు ఏడుపు

నిన్న టెక్కలి నుంచి వస్తుంటే నౌపడ దగ్గర బస్సు ఆగింది. రోడ్డు పక్క ఇంట్లో ఎవరో పోయినట్టున్నారు. కిటికీలోంచి ఆడవాళ్ల ఏడుపు వినిపించింది. అందులో పేర్లు లేవు. పైడమ్మ మామ్మ ఏడిస్తే పేర్లుండేవి. మా ఉద్దానం ఊళ్లో ఆమెది మా పక్కిల్లు. ఎవరు పోయినా వెళ్లి శవం పక్కన కూర్చుని, ఆ ఇంట్లో అంతకుముందు పోయినవాళ్లందరినీ వరసలు పెట్టి పిలుస్తూ రాగం తీసేది. ఆ రాగమూ ఊళ్లోవాళ్ల పేర్లూ తల్లి దగ్గర నేర్చుకున్నదట.

మా నాయనమ్మ ఇంకా కడుపులో ఉండగానే ఆమె తండ్రి అప్పన్న మా ఊరి నుంచే కూలికి రంగం వెళ్లాడు. రంగూన్‌ని మావాళ్లు అలాగే అంటారు. మళ్లీ కబురు లేదు. ముసలితనంలో నాయనమ్మ నన్ను రోజూ అడిగేది: "ఫోన్లో అన్నీ దొరుకుతాయంట కదే. మా అయ్యని సూడు." చూశాను. ఓడలెక్కిన అప్పన్నలు ఎందరో. ఆయన తల్లిదండ్రుల పేర్లు తెలిస్తే పోల్చుకోవచ్చు. కానీ అత్తమామల పేర్లు నోట పలకకూడదని, ఆయన భార్య, మా ముత్తవ్వ, వాటిని కూతురికి కూడా చెప్పలేదు.

ఎవరితోనూ సరిగా మాట్లాడలేని నేను ధైర్యం చేసి పైడమ్మ మామ్మను ఆ పేర్లు అడిగాను.

"సెప్పీమంటే వొచ్చేత్తాయేటే గుంటా? ఏడిత్తే వొత్తాయి."

"అయితే ఏడు మామ్మా."

"ఓలమ్మో! బతికున్నోల ఇంట్లో ఏడమంటాదేటిది! మీయమ్మ సీపురట్టుకొత్తాది." నవ్వింది. కాసేపటికి మెల్లగా అంది: "ఆ మావకి ఇంతవరకూ ఎవలూ ఏడ్నేదు. పోనాడని కబురొత్తే కదా."

మర్నాడు పొద్దున్నే నన్ను సముద్రపు ఒడ్డుకు తీసుకెళ్లింది. ఇసుకలో చతికిలబడి, జుట్టు విప్పుకుని, నీళ్లవైపు చూస్తూ అందుకుంది. అప్పన్న తాత వాళ్ల పేర్లు వచ్చాయి. ఉప్పుమడుల్లో పనిచేసిన తండ్రి సిమ్మాద్రి. తల్లి నీలమ్మ. పసితనంలోనే పోయిన చెల్లెలు ఎర్రమ్మ. వాళ్లంతా నీకోసం చూస్తున్నారు, వెళ్లు నాయనా అని ఆయన్ని సాగనంపింది. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుని, "ఇంటికెల్లి తలకి పోసుకో. మనకి మైల" అంది.

ఇంటికొచ్చి చెప్పాను. నాయనమ్మ ఆ పేర్లను నాతో మళ్లీ మళ్లీ పలికించుకుంది.

"పైడి ఏడిసిందా?"

"ఏడ్చింది."

నాయనమ్మ గోడ పట్టుకుని పెరట్లోకి నడిచి, పీట మీద కూర్చుంది. "నాకూ నీల్లు పొయ్యే." పోశాను. ఆ నీళ్ల కింద, తండ్రి ముఖమే ఎరగని నాయనమ్మ "అయ్యా" అని గట్టిగా ఏడ్చింది.

ముందు పైడమ్మ మామ్మ పోయింది. ఆ వెనకే నాయనమ్మ. అప్పన్న తాత రంగంలో ఏ మట్టిలో కలిశాడో నాకింకా తెలియలేదు, వెతుకుతూనే ఉన్నాను. నాయనమ్మ పోయిన రోజు ఆమెను పడుకోబెట్టిన చోట కూర్చుని ఆ పేర్లన్నీ పిలిచాను. పెదాలు కదిలాయి గానీ గొంతు పైకి రాలేదు. ఇప్పటికీ ఇంట్లో ఎవరూ లేనప్పుడు ప్రయత్నిస్తూ ఉంటాను.