గుక్క రుచి, మగ్గు రుచి

మార్లిస్ గుండర్‌సన్‌కి అరవై నాలుగేళ్లు. అందులో ముప్ఫై ఒక్క వేసవులు బెల్ ఫోర్క్ ఊరి చివర ఓర్విల్ నడిపే పానీయాల స్టాండులో రూట్ బీరు కాస్తూనే గడిచిపోయాయి. పేరులో బీరు ఉందని కంగారు పడనక్కర్లేదు. ప్రార్థన ముగించుకుని నేరుగా వచ్చే పాస్టరుగారు పిల్లలతో కలిసి తాగే పానీయం అది. వేళ్లూ బెరళ్లూ ఉడికించి, చక్కెర పోసి, చల్లార్చి, సోడా గ్యాసు పట్టిస్తారు. మన సుగంధిపాల షర్బత్తుకి దూరపు చుట్టం అనుకోవచ్చు. కాకపోతే ఆ చుట్టం ఒంటికి కాస్త నొప్పుల మందు రాసుకుని వచ్చినట్టుంటుంది.

ఆ ఊరున్న అమెరికా రాష్ట్రం విస్కాన్సిన్‌లో దేవుడి గురించైనా సర్దుకుపోతారు గానీ రూట్ బీరు దగ్గర మాత్రం ఎవరి పట్టు వారిదే. పోస్టాఫీసు వెర్లిన్‌కి నాలుక చురుక్కుమనాలి, బార్క్స్ కంపెనీ డబ్బా తప్ప ఇంట్లోకి రానివ్వడు. అతని భార్యకేమో వెనిలా గుప్పుమనే ఏ అండ్ డబ్ల్యూ కంపెనీది కావాలి. పాస్టరుగారు తేనె వేసిన స్ప్రెకర్ కంపెనీ సీసాలు ఎవరి కంటా పడకుండా దాచుకుంటారు. పక్క రాష్ట్రం అయోవా నుంచి వచ్చిన ఒక కొత్త కోడలు మొదటి గుక్క తాగి, పళ్లు తోముకున్నట్టుందని అనేసింది. మార్లిస్‌కి కోపం రాలేదు. పక్కనే కూర్చుని, ఆ వాసన నాలుక చివర తగులుతోందా, గొంతులోనా అని పావుగంట ఆరా తీసింది. ఎవరికి ఏది ఎందుకు నచ్చుతుందన్నదే ఆమెకు లోకంలో తెగని ముచ్చట. అంత ఆరా తీసే మనిషికి తన చేతి రుచి మీద మాత్రం ఎన్నడూ అనుమానం రాలేదు.

ఆ చలికాలం ఓర్విల్ పోయాడు. వేసవికి స్టాండు అతని మేనల్లుడు ట్రెంట్ చేతికొచ్చింది. కుర్రాడు మంచివాడే, కానీ పొద్దున ఐదింటికి రాగి కాగు కింద మంట పెట్టి మూడు గంటలు కలియబెట్టడమెందుకో అతనికి అర్థం కాలేదు. ఒక పెద్ద కంపెనీవాడు ముందే తయారుచేసిన సిరప్ చూపించాడు. నీళ్లూ గ్యాసూ కలిపితే పది నిమిషాల పని. సోమవారం నుంచి ఇదే పోద్దామని, కాగు అమ్మేద్దామని ట్రెంట్ మెల్లగా చెప్పాడు.

“ఊరు తాగేదాన్ని ఊరినే తేల్చనీ,” అంది మార్లిస్. “సిరప్పే నచ్చిందంటే, ఆ కాగు నేనే తోమి నీ బండిలో పెడతాను.”

శనివారం మధ్యాహ్నం పరీక్ష. బెల్ ఫోర్క్ జనానికి న్యాయం ఒక జబ్బులాంటిది. విందులో మిగిలిన ఆఖరి కేకు ముక్కని సగం కోసి, ఆ సగాన్ని మళ్లీ సగం కోసి, చివరికి చీమ తలకాయంత ముక్క వదిలి వెళ్తారు తప్ప మొత్తం తీసుకునే మొనగాడు పుట్టలేదు. మార్లిస్ కూడా ఆ ఊరి బిడ్డే కదా. స్టాండులో రోజూ వాడే మంచు పట్టిన గాజు మగ్గులో పోస్తే పాత అలవాటు కొద్దీ జనం తనవైపు మొగ్గుతారని, అది మోసమవుతుందని ఆమే పట్టుబట్టింది. చిన్న కాగితపు కప్పులు తెప్పించింది. రెండూ ఫ్రిజ్ బయట పెట్టి ఒకే వేడికి తెచ్చింది. ఏది ఏదో చెప్పకుండా ఒక్కో కప్పులో ఒక్కో గుక్క. నచ్చినదాని డబ్బాలో సీసా మూత వెయ్యాలి.

సిరప్‌కి ఎనభై రెండు మూతలు పడ్డాయి. ఆమెదానికి ముప్ఫై తొమ్మిది.

అంతకంటే గట్టి దెబ్బ ఇంకొకటుంది. మార్లిస్ కళ్లకు వెర్లిన్ భార్య గంతలు కడితే, ఆమె కూడా రెండు గుక్కలూ తాగింది. ఒకటి పలచగా, మందు వాసనతో ఉంది. రెండోది నోరంతా నిండింది. ఇదే నాది అని ధీమాగా ఆ కప్పు పక్క డబ్బాలో మూత వేసింది. గంతలు విప్పి చూస్తే ఆ మూత సిరప్ డబ్బాలో ఉంది.

ఆదివారం ఆమె కాగు తోమింది. మాట మాటే. ముప్ఫై ఒక్కేళ్లు ఊరందరికీ రెండో రకం సరుకు తాగించానా అన్న ప్రశ్న ఆమెను అన్నం తిననివ్వలేదు. ఏడుద్దామన్నా సిగ్గేసింది. కొనేవాడు గురువారం వస్తానన్నాడు.

సోమవారం మగ్గుల్లో సిరప్ పోశారు. కలియబెట్టే పని లేదు గనుక మార్లిస్ మగ్గులు కడిగే తొట్టి దగ్గర నిలబడింది. అన్నేళ్లూ ఆ పని వేరేవాళ్లది. జనం కార్లలోనే కూర్చుని తాగాక, కిటికీలకు తగిలించిన పళ్లేలు తిరిగొచ్చేవి, మగ్గులు ఖాళీగా ఉండేవో లేదో ఆమె ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడు చూసింది. పావు మగ్గు, మూడోవంతు, ఒక్కోసారి సగం మిగిలి వస్తోంది. మధ్యాహ్నానికి బకెట్ నిండింది. ఎండ తక్కువగా ఉందేమో అనుకుంది. మంగళవారం ఎండ మండిపోయింది, బకెట్ మాత్రం మళ్లీ నిండింది.

అప్పుడామెకి దిగులు పోయి, పాత ఆరా బుద్ధి లేచింది. చల్లగదిలో తను కాచినది ఇంకొక్క పీపా ఉంది. పారబోయడమెందుకు, బుధవారం సగం మందికి అది పోద్దామని ట్రెంట్‌ని అడిగింది. అతను సరేనన్నాడు. ఎవరికీ ఏమీ చెప్పలేదు. తనదాని మగ్గు పిడికి ఒక రబ్బరు బ్యాండు చుట్టింది. మగ్గు మగ్గుకీ లెక్క సమానంగా పోయించింది. తొట్టి కింద రెండు బకెట్లు పెట్టింది.

సాయంత్రం ఆరింటికి ట్రెంట్‌ని పిలిచింది. సిరప్ బకెట్ అంచుల దాకా ఉంది. రెండోదానిలో అడుగు తడిసింది, అంతే.

ట్రెంట్ వంగి ఆ రెండింటినీ పోల్చి చూశాడు. “మరి ఆ రోజు మీరు కూడా దీనికే వేశారు కదా, మార్లిస్?”

“వేశాను. ఆ గుక్క బాగుంది. ఇప్పుడడిగినా బాగుందనే అంటాను,” అంది ఆమె. “తీపి కదా, మొదటి గుక్కకి ముద్దొస్తుంది. సగం మగ్గు దాటాక నాలుక చాలు చాలంటుంది. నాది గుక్కలో పలచగానే ఉంటుంది, వెచ్చబడితే మందులాగే ఉంటుంది. పాళ్లు కుదిర్చిన మీ మామ దాన్ని గుక్కకి కలపలేదబ్బాయ్. మంచు మగ్గుకి కలిపాడు, ఎండలో అడుగు దాకా తాగేవాడికి కలిపాడు. నాకే ఇన్నాళ్లూ తెలీలేదు. న్యాయం న్యాయం అని కాగితం కప్పులు తెచ్చి నా గొయ్యి నేనే తవ్వుకున్నాను.”

పరీక్షలో ఊరు అబద్ధం చెప్పలేదని, మగ్గులూ అబద్ధం చెప్పడం లేదని, కాగు ఏం చెయ్యాలో ఇక నీ ఇష్టమని చెప్పి ఆమె చేతులు తుడుచుకుంది. బతిమాలాలనిపించింది కానీ బతిమాలలేదు.

ట్రెంట్ నిండిన బకెట్ ఎత్తి తూములో వంచాడు. గోధుమరంగు నురగ దిగిపోయేదాకా అక్కడే నిలబడ్డాడు.

“ఇందులో నాది కూడా ఉంది,” అన్నాడు తలెత్తకుండా. “మూడు రోజుల్నుంచి రోజుకో మగ్గు పోసుకుంటున్నా. ఒక్కటీ పూర్తి చెయ్యలేకపోయాను. ఎవరికీ చెప్పలేదు.”

అతను ఫోను తీసి, కాగు కొంటానన్నవాడికి రావద్దని చెప్పాడు. తర్వాత ఆమెవైపు తిరిగాడు.

“పొద్దున నేనెన్నింటికి రావాలి?”

“ఐదింటికి,” అంది ఆమె. కాగు కలియబెట్టే తెడ్డు తీసి అతని చేతికిచ్చింది.