పేరు చెప్పడానికి వెళ్లిన తాత

మా నాయనమ్మ పైడమ్మ ఎవరితోనూ ఎదురుపడి పోట్లాడేది కాదు. నెమ్మదిగా చుట్టూ తిరిగొచ్చి గెలిచేది. ఎండుచేపల గంప బస్సెక్కించనని కండక్టరు అరిస్తే, మర్నాటి నుంచి గంప మీద మొగలిపూలు పరిచింది. అదేం వాసనో అతను తేల్చుకునేలోపు పలాస వచ్చేసేది. దిగేటప్పుడు ఓ పువ్వు అతని చేతిలో పెట్టి, "మీ ఆడమనిషికియ్యి బాబూ" అనేది. ఇంక అతనేమంటాడు?

అలాంటి మనిషికి తాత ఒక్కడే లొంగలేదు.

ఆ ఏడు తాత కాళ్లు ఉబ్బాయి. వేలితో నొక్కితే సొట్ట పడి అలాగే ఉండిపోయేది. మా ఉద్దానం ఊళ్లలో ఆ సొట్టకి అర్థం అందరికీ తెలుసు. ఎదురింటి అప్పలస్వామి కాళ్లూ అలాగే ఉబ్బాయి. పలాసలో రక్తం చూసి కిడ్నీలు పాడయ్యాయన్నారు. వానలు పడకముందే పోయాడు. అప్పట్నుంచి తాత నమ్మకం ఒకటే: అప్పలస్వామిని చంపింది కిడ్నీలు కాదు, ఆ సూది.

"నాను రాను. సూడకపోతే రోగం నేదు" అనేవాడు. తుపాను గాలికి జడవని మనిషి, ఆస్పత్రి మాటెత్తితే చాలు, వల బాగుచేసుకోవాలని లేచి వెళ్లిపోయేవాడు. ఆ వలకి ఒక్క చిరుగూ ఉండేది కాదు.

నాయనమ్మ ఏడ్చింది. అన్నం మానేసింది. గంగమ్మకి మొక్కుకుంది. తాత కదల్లేదు. నెలలు గడిచాయి. ఒకరోజు పొద్దున్నే ఆమె గోడకి జారబడి, కళ్లు తిరుగుతున్నాయంది.

"ఆస్పత్రికి ఎల్తాను. కానీ అక్కడ చీటీ రాసీవోడు మొగుడి పేరు అడుగుతాడు. నానెలగ సెప్పీది మావా?"

మా వైపు ఆ వయసు ఆడవాళ్లు భర్త పేరు నోటితో అనరు. తాత నన్ను చూపించాడు. "గుంటని తీసుకెల్లు. అది సెప్తాది."

"నాను సెప్తాను! బైరాగి! బైరాగి!" అని గెంతాను. నాయనమ్మ తొడపాశం పెట్టింది.

"ఇది బడి ఎగ్గొట్టీసిన గుంట. దీని మాటినీసి నీ పేరు ఏ బోడిగాడనో రాసేత్తారు. రాస్తే రాయనీ, నాకేటి?"

తాత లేచి ఉతికిన చొక్కా తీశాడు.

ఆస్పత్రిలో చీటీలు రాసే అబ్బాయి భర్త పేరు అడగ్గానే నాయనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తాతని ముందుకు తోసింది. తాత ఛాతీ విరిచి, పడవ మీంచి ఒడ్డుకి కేకేసినట్టు, "బైరాగి!" అన్నాడు.

"ఇన్నావా బాబూ? ఆ పేరు మీదే రాయి" అంది నాయనమ్మ. "రగతం ఈయనదే సూడాల. ఆ కాళ్లు సూడు."

తాత గిరుక్కున తిరిగాడు. వెనక బెంచీ మీద జనం. అందులోంచి ఓ ముసలమ్మ, "సూదికి బయమేటి అన్నా?" అని కిసుక్కున నవ్వింది. అంతే, తాతకి దారి మూసుకుపోయింది. కూర్చుని చెయ్యి చాపాడు.

"మోసం సేసినావే."

"సేసినాను."

రిపోర్టు వచ్చేదాకా నాయనమ్మ ఆ వరండాలో ఎన్నికల్లో నెగ్గినామెలా తిరిగింది. పక్కన కూర్చున్న ప్రతి మనిషికీ ఆ కథ చెప్పింది. తాత గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

డాక్టరు కాగితం చూసి, మళ్లీ చూసి, రెండు కిడ్నీలూ చాలావరకు పోయాయన్నాడు. ఉప్పు మానెయ్యాలి, వేటకి వెళ్లకూడదు, విశాఖలో మిషను మీద రక్తం కడిగించుకుంటూ ఉండాలి.

"మరి తగ్గిపోద్దా బాబూ?"

ఆయన కాగితం మడిచి నాయనమ్మ చేతికిచ్చాడు. "ఇంకాస్త ముందు తీసుకొస్తే బాగుండేదమ్మా" అన్నాడు.

ఆ రోజు మొదలు నాయనమ్మ ఎత్తులు వెయ్యడం మానేసింది. ఎవరి మీద వేస్తుంది? తాత ఆమె ఏం చెబితే అది చేసేవాడు. ఉప్పులేని గంజి పెడితే తాగేవాడు. వల అమ్మేద్దామంటే సరేనన్నాడు. విశాఖ వెళ్లే రోజు తనే ముందు లేచి కూర్చునేవాడు. ఇంట్లో ఆ చప్పుడు లేని మంచితనానికి నాయనమ్మ బెదిరిపోయింది. ఒక్క తిట్టయినా రాలుతుందేమోనని మందుబిళ్లలు కావాలని ఆలస్యంగా ఇచ్చేది. తాత చెయ్యి చాపుకుని ఎదురుచూసేవాడు.

ఒకరోజు విశాఖకి బయలుదేరుతూ ఆమె గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఈపాలి రానని అనొచ్చు కదా మావా. ఒక్కసారి అను. నాను బతిమాలతాను."

తాత గుండీలు పెట్టుకుంటూ, "బేగి పద, ఆటో ఎల్లిపోద్ది" అన్నాడు.