డ్రెయిను పక్క చేలో నాలుగు బాతుపిల్లలు

డిసెంబరు మొదట్లో బాపట్ల నుంచి రేపల్లె వెళ్ళే బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే, సగం దూరం వెళ్ళాక లోపలికి ఒక వాసన వస్తుంది. అప్పుడే తెగిన వరిగడ్డి పచ్చివాసన, దానిమీద మంచుతడి, ఇప్పుడైతే వాటికి తోడు కోతమిషను డీజిలు కంపు. పక్కసీటావిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంటుంది, నేను మాత్రం తల ఇంకాస్త బయటికి పెడతాను. మా అమ్మమ్మ ఒంటి వాసన అది. డీజిలు కాదు, గడ్డి. కోతలనెలంతా ఆమె జుట్టులో, చీరకుచ్చెళ్ళలో, నన్ను దగ్గరకు లాక్కునే చేతుల్లో ఆ వాసనే ఉండేది. క్రిస్మస్‌కి తలంటుకున్నాక కూడా పూర్తిగా పోయేది కాదు.

ఎనభైల చివర్లో అమ్మ తెనాలిలో ఆసుపత్రి ఆయాగా పనిచేస్తుంటే నేను రేపల్లె దిగువన అమ్మమ్మ దగ్గర పెరిగాను. ఆ రోజుల్లో మా పేటలో డిసెంబరంటే ఇంటికప్పు మీద వెదురుబద్దలతో కట్టిన కాగితపు నక్షత్రం, వీధి చివరిదాకా అరిసెలపాకం వాసన, కోసిన చేలో పరిగె ఏరుకుని ఆ గింజలిచ్చి కొనుక్కున్న జీళ్ళు, అవి పళ్ళకంటుకుని నోరు తెరవలేక పడే అవస్థ. అమ్మమ్మ పేరు సువార్తమ్మ. పద్నాలుగుమంది ఆడవాళ్ళ కోతముఠాకి పెద్ద. బుగ్గన పొగాకు కాడ, నడుం దగ్గర దోపిన కొడవలి, మాటకి మాట అప్పచెప్పే నోరు. నెమ్మదస్తురాలని ఆమెనెవరూ అనలేదు, అంటే ఆమే ఒప్పుకునేది కాదు.

ఒక ఏడు, పొలాల మురుగునీళ్ళు పోయే డ్రెయిను కట్టమీద జమ్ముగడ్డిలో ఒక అడవిబాతు గుడ్లు పెట్టింది. ముక్కు చివర పసుపు, మొదట్లో రెండు ఎర్రచుక్కలు, ఒళ్ళంతా చేపపొలుసులా గోధుమరంగు. బడికి ఆ కట్టమీదుగానే నడవాలి కాబట్టి నేను రోజూ చూసేదాన్ని. దీపావళి నాటికి పిల్లలు దిగాయి, పదకొండు. తల్లి వెనక నూలు పట్టినట్టు వరసగా ఈదేవి. వారం తిరిగేసరికి ఎనిమిది. ఒకదాన్ని గద్ద తన్నుకుపోవడం నేనే చూశాను, ఇంకొకటి ఈదుతూ ఈదుతూ నీళ్ళలోకి మాయమైపోయింది. కింద కొరమేను ఉందని అమ్మమ్మ చెప్పింది. తర్వాత ముంగిస, కాకులు, ఒకరోజు చలివాన. నవంబరు ఆఖరుకి మిగిలినవి నాలుగు. ఇదంతా ప్రకృతి ధర్మమని ఇప్పుడు టీవీలో గంభీరంగా చెప్తుంటారు. చెప్పుకోమనండి. తొమ్మిదేళ్ళ పిల్లకి పదకొండు నాలుగవడం ధర్మంగా అనిపించలేదు, నాకిప్పటికీ అనిపించదు.

పొద్దెక్కాక డ్రెయిన్లోకి గేదెలు దిగేవి కాబట్టి తల్లి పిల్లల్ని పక్కనున్న వరిచేలోకి తోలుకొచ్చి దాచేది. నాలుగూ బాగా లావెక్కాయి కానీ రెక్కలు పూర్తిగా రాలేదు. మరో పదిరోజులు ఆగితే ఎగిరేవి. ఆ సంగతి నా కడుపులో దాగలేదు. అమ్మమ్మ కొడుక్కి, మా మామయ్యకి చెప్పేశాను, ఇంత లావున్నాయని చేతులతో చూపించి మరీ. అతను నవ్వి, "కోతరోజు చూద్దాంలే" అన్నాడు.

ఆ మాటకి అర్థం నాకు కోత ముందురోజు సాయంత్రం అతను రెండు కుక్కలకి తాళ్ళు కడుతుంటే తెలిసింది. చేను ఒక చివర నుంచి కోసుకొస్తుంటే లోపలున్న ఎలుకలు, పిట్టలు వెనక్కి వెనక్కి జరిగి ఆఖరున మిగిలిన నాలుగు గజాల వరిలో చిక్కుకుంటాయి. మగవాళ్ళు కర్రలతో, కుక్కలతో అక్కడ కాచుకుంటారు. ఏటా జరిగేదే, ఏటా నేనూ చప్పట్లు కొట్టిందే. ఈసారి వాన భయం ఉంది, డ్రెయిను వైపు పల్లం కాబట్టి ముందు అటు నుంచి కోయాలని ఆసామి చెప్పి ఉన్నాడు. అంటే ఆఖరి వరి రోడ్డు పక్కన మిగులుతుంది. నీళ్ళు ఒక వైపు, బాతులు ఇంకో వైపు.

పొద్దున్నే చద్దన్నం మూట కడుతున్న అమ్మమ్మకి ఏడుస్తూ చెప్పాను. తిడుతుందనుకున్నాను. మూట ముడి గట్టిగా బిగించి, "ముక్కు తుడుచుకుని నడువ్" అంది, అంతే.

చేలోకి వెళ్ళగానే ముఠాని రోడ్డు వైపు నిలబెట్టింది. ఆసామి గట్టుమీద నుంచి పరుగున వచ్చాడు.

"సువార్తమ్మా, పల్లం నుంచి పట్టమన్నానా? రేడియోలో వాయుగుండం అన్నాడు."

"ఇటునుంచే పడతామండి."

"ఏంటి, చేను నాదా నీదా?"

"చేను తమదేనండి. కొడవళ్ళు మావండి. పొద్దుగూకేలోగా చేనంతా నేలమీదుంటది. లేకపోతే కూలివ్వమాకండి."

ఆసామి ముఖం కందగడ్డ అయింది. కోతలు ముమ్మరంగా ఉన్న ఆ రోజు ఇంకో ముఠా ఎక్కడా దొరకదని అతనికీ తెలుసు, ఆమెకీ తెలుసు. పద్నాలుగుమందీ మునుం పట్టారు, పక్కపక్కన వరసలో నిలబడి ఎవరి పట్టీ వాళ్ళు కోసుకుంటూ ముందుకు. మామూలుగా పాటలూ ఎకసెక్కాలూ ఉండేవి. ఆ రోజు కొడవలి కరకర తప్ప ఏమీ లేదు. మధ్యాహ్నం కూడు కూడా నిలబడే తిన్నారు. నేను వెనక కోసిన వరి పనలు సర్దుతూ, దేవుడా మేఘాన్ని ఆపు, మామయ్యని ఆపు అని ఒకదాని వెనక ఒకటి కోరుకుంటున్నాను.

సాయంత్రానికి కట్టవారన సన్నటి పట్టీ మిగిలింది. వరి లోపల కదలిక తెలుస్తోంది. అప్పటికి మామయ్య తెలివిగా చుట్టు తిరిగి కుక్కలతో కట్టమీదికొచ్చి నిలబడ్డాడు. అమ్మమ్మ కోత ఆపి, నడుం నిటారు చేసి, పట్టీ దాటి నేరుగా కట్టెక్కి అతనికి అడ్డంగా నిలబడింది.

"కుక్కల్ని లాక్కుపోరా."

"ఎందుకమ్మా గోల? పదకొండిట్లో నాలుగు మిగిలినయ్. అయ్యెట్టాగూ బతకవు."

"గద్దకీ కొరమేనుకీ ఆకలిరా. నీకు కూడు లేదా? ఏడుగుర్ని కన్నాను నేను. ఇద్దరు మిగిలారు. ఆ మిగిలినోళ్ళలో నువ్వొకడివి. ఎట్టాగూ బతకవులే అని నేననుకునుంటే?"

మామయ్య తాళ్ళు చేతికి చుట్టుకుని కుక్కల్ని ఈడ్చుకుంటూ కట్ట దిగాడు. ఒకటి వదిలించుకుని పరిగెత్తింది. అంతలో తల్లిబాతు వరిలోంచి బయటపడి, రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటూ, కుంటుకుంటూ కోసిన చేలోకి పోయింది. కుక్క దాని వెంట పడింది. దగ్గరికొచ్చేదాకా కుంటి, అందేలోపు ఎగిరిపోయింది. ఈలోపు నాలుగు పిల్లలూ కట్టెక్కి, ఆడవాళ్ళ కాళ్ళ మధ్యనుంచి జమ్ములోకి దిగిపోయాయి. పద్నాలుగుమందీ ఒక్కసారి నవ్వారు. అంత నవ్వు నేను మళ్ళీ వినలేదు.

ఆ రాత్రి చినుకులు పడి కట్టవారపు పనలు తడిశాయి. పొద్దున్నే అమ్మమ్మ ముఠాని తీసుకెళ్ళి వాటిని తిరగేసి ఆరబెట్టింది, కూలి అడగలేదు. అయినా ఆసామి మరుసటేడు మమ్మల్ని పిలవలేదు. "పిలవకపోతే మానె" అని ఆమె కొల్లూరు లంకల్లో అరటితోట పనికి పోయింది. జనవరిలో ఒక పొద్దున డ్రెయిన్లోంచి ఐదు బాతులు లేవడం చూశాను. అవే అని రుజువు చెయ్యమంటే చెయ్యలేను. అవే.

ఇప్పుడు అమ్మమ్మ లేదు, కోతముఠాలు లేవు. కట్టమీది జమ్మును పొక్లెయినుతో గీకేశారు. అవతల రొయ్యలచెరువులు, పిట్ట వాలకుండా వాటిమీద వలలు, పొద్దస్తమానం టపాసుల మోత. ఆ కట్ట కిందే నాకు ఎకరం ఉంది. కూలికెళ్ళినామె మనవరాలు బడిపంతులమ్మ అయ్యి కొనుక్కున్న ఎకరం. మిషను చుట్టూ తిరుగుతూ మధ్యలోకి కోస్తుంది, లోపలున్నదేదీ బయటపడదు. మొన్న బస్సు దిగి వెళ్ళి డ్రైవరు కుర్రాడితో రోడ్డు వైపు నుంచి వరసగా కోసుకుంటూ డ్రెయిను వైపుకి రమ్మన్నాను.

"అట్టా అయితే టైం ఎక్కువవుద్దండి. ఎందుకంట?"

"చేలో బాతులుంటే పోవాలి కదా."

అతను సీటు మీద లేచి నిలబడి చేనంతా చూశాడు. "ఎక్కడున్నయ్యండి? ఒక్కటి కూడా లేదు."

"లేవు" అన్నాను. "వస్తే పోవడానికి దారుండాలి గదయ్యా. తిప్పు."