నీలం నగర్ నత్తలు మరచిపోని చప్పుడు

1991. అప్పుడు నేను మహారాష్ట్రలోని సోలాపూర్‌లో ఒక కాలేజీలో జువాలజీ డెమాన్‌స్ట్రేటర్‌ని. అంటే లెక్చరర్ చెప్పిన పాఠాన్ని ల్యాబ్‌లో పిల్లల చేత చేయించాలి. కప్పలు, బొద్దింకలు, వానపాములతోనే నా సంసారం. జోడ్‌భావి పేట్‌లో మా ఇంట్లో, ఆ వాసన పడక మా అత్తగారు నా చీరలు వేరే బకెట్‌లో నానబెట్టించేవారు.

ఆ ఏడు ఫైనల్ ఇయర్‌లో సునంద అని నీలం నగర్ మగ్గాల ఇంటి పిల్ల ఉండేది. పిలిస్తే ఓ పట్టాన పలికేది కాదు. పలికితే ల్యాబ్ అదిరేలా పలికేది. స్టాఫ్‌రూమ్‌లో 'మొద్దు' అని పేరు పెట్టేశారు. ప్రాజెక్టుకు ఆమె హాబిట్యుయేషన్ తీసుకుంది. ఒకే తాకిడి మళ్ళీ మళ్ళీ ఎదురై, దానివల్ల ముప్పేమీ లేకపోతే ప్రాణి దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. అదే హాబిట్యుయేషన్. నత్త ఉన్న బల్లను చెక్క స్కేలుతో కొడితే అది కొమ్ములు లోపలికి లాక్కోవాలి. కొట్టగా కొట్టగా లాక్కోవడం మానాలి.

సునంద తెచ్చిన నత్తలు మొదటి దెబ్బకే చలించలేదు.

"ఇవి సచ్చినయా ఏంది మేడం?" అంది ఏడుపు ముఖంతో. "ప్రాజెక్టు పోతే ఏడాది పోయినట్టే. ఫేల్ అయితే చదువు బంద్, మీ అమ్మ పక్కన బీడీలకు కూసో అన్నడు మా నాన్న."

చావడమేమిటి, క్యాబేజీ ఆకు ఆవురావురుమని తింటున్నాయి. ఎక్కడ పట్టావని అడిగితే ఇంటి వెనక గోడ దగ్గర అంది. చూద్దాం పదమని ఒక మధ్యాహ్నం నేనూ వెంట వెళ్ళాను.

వాళ్ళ ఇంటికీ పవర్‌లూమ్ కార్ఖానాకూ మధ్య ఒకటే గోడ. గడప దాటానో లేదో ఆ ధడధడకు చెవులు మూసుకున్నాను. ఆ ఇంట్లో అరిస్తే గానీ మాట వినబడదు. సునంద తల్లి నర్సవ్వ మాత్రం చాట ఒళ్ళో పెట్టుకుని నింపాదిగా బీడీలు చుడుతోంది. పక్కన ఉయ్యాలలో మనవడు హాయిగా నిద్రపోతున్నాడు. వెనక్కి వెళ్ళి, నత్తలుండే తడి రాళ్ళ పైన గోడకు చెయ్యి ఆనించాను. గోడే వణుకుతోంది.

అంతలో మగ్గాలు టక్కున ఆగిపోయాయి. ఉయ్యాలలో పిల్లవాడు ఉలిక్కిపడి ఏడుపు లంకించుకున్నాడు.

"లైట్ గేలీ," అంటూ నర్సవ్వ లేచింది. "కరెంటు పోతే గింతే మేడం. సప్పుడు ఆగిందంటే వీనికి నిద్ర పట్టది. మొన్న మగ్గాలు బంద్ ఉన్నప్పుడు గల్లీ అంత మేలుకున్నది."

నేను సునందను చూశాను. ఆమె గోడ వంక చూస్తోంది. "మేడం, అయితే నత్తలు గూడ..." అని ఆగిపోయింది. గోడ వణుకుకు అవీ అలవాటు పడిపోయాయన్నమాట!

కానీ అది ఎంతకాలం నిలిచే అలవాటు? ఆ నత్తలనూ, కాలేజీ తోటలోంచి పట్టిన నత్తలనూ నిశ్శబ్దంగా ఉండే ల్యాబ్ గదిలో వేరువేరు తొట్లలో పెట్టాం. తోట నత్తలకు ఒక పూట కూర్చుని చెక్క దెబ్బ అలవాటు చేస్తే, మర్నాటికి మొత్తం మరచిపోయి మళ్ళీ ముడుచుకున్నాయి. నీలం నగర్ నత్తలను దీపావళి సెలవులంతా ఏ చప్పుడూ తగలకుండా ఉంచాం. సెలవుల తర్వాత సునంద స్కేలు ఎత్తింది. కొట్టింది. తోట నత్తలు కొమ్ములు లోపలికి లాక్కున్నాయి. నీలం నగర్‌వి తమ దారిన తాము పాకుతూనే ఉన్నాయి.

సముద్రపు నత్తల మీద పరిశోధనల గురించి చదివే ఉన్నాను. తాకిడిని పసిగట్టే న్యూరాన్, కండరాన్ని కదిలించే న్యూరాన్‌కు కబురు అందించే చోటు సినాప్స్. కాసేపటి అలవాటులో అక్కడ విడుదలయ్యే రసాయనం తగ్గుతుంది, మళ్ళీ సర్దుకుంటుంది. అదే రోజుల తరబడి సాగితే ఆ కలయికలే తగ్గిపోతాయి. భయం పదే పదే నేర్పితే కొత్తవి మొలుస్తాయి. అంటే, జ్ఞాపకం నిలవాలంటే కణం తన రూపాన్నే మార్చుకుంటుంది! మా నత్తలను కోసి చూడలేదు గానీ, చదివినప్పుడు కలగని ఆశ్చర్యం ఆ తొట్టి ముందు కలిగింది. చిటికెన వేలంత లేని ప్రాణి తన నరాల్లో ఒక కార్ఖానాను మోస్తోంది. దండం పెట్టాలనిపించింది.

వైవాకు వచ్చిన ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ మన తెలుగాయనే. తొట్టిలోకి చూసి, "కదలని జంతువును చూపించి నేర్చుకుందంటే ఎట్లా నమ్మాలమ్మా? మొద్దు నత్తలేమో!" అన్నారు.

స్టాఫ్‌రూమ్‌లో సునందకు పెట్టిన పేరే అది. సునంద మెత్తటి బ్రష్ తీసి నీలం నగర్ నత్త తలను అలా తాకింది. అది తటాలున లోపలికి ముడుచుకుపోయింది.

"మొద్దువి కావు సార్," అంది ఎప్పటిలాగే ల్యాబ్ అదిరేలా. "మా మగ్గం సప్పుడు ఏం జేయదని నేర్సుకున్నయి. ఇంకా మరువలే."

ఆయన నవ్వి, స్కేలు తానే అందుకుని బల్ల మీద కొట్టి చూశారు. నీలం నగర్ నత్తలు కొమ్ములు లాక్కోలేదు. వాచీ చూసుకోవడం కూడా మరిచి చాలాసేపు అలాగే వంగి నిలబడిపోయారు. సునంద పాసయింది. బీడీల చాట ముందు కూర్చోలేదు, పైచదువుకు వెళ్ళింది.

పలకని ప్రాణికి ఏమీ రాదనుకోకూడదని ఆ నత్తలు నాకు నేర్పాయి. తర్వాత ఎన్నేళ్ళు పనిచేసినా, పిలిస్తే తిరిగి చూడని పిల్ల కనిపిస్తే కోప్పడే ముందు ఒక మాట అడిగేదాన్ని: "మీ ఇల్లు మగ్గాల పక్కనా అమ్మా?"