ఊపని కప్పు

దయ్యాల మీద నాకు ఎప్పుడూ నమ్మకం లేదు. చిన్నప్పుడు బెజవాడలో మా ఇంటి వెనక సందులో ఏదో తెల్లగా తిరుగుతోందని వీధి వీధంతా అంటే, చూసొద్దామని వెళ్ళాను. తీగ మీద ఆరేసిన పంచె కప్పుకుని పాలాయన గేదె నిలబడి ఉంది. అప్పటినుంచి ఇలాంటి కబుర్లు ఎవరు చెప్పినా నాకు ఆ గేదే గుర్తొస్తుంది.

పైగా నేను చెప్పబోయేదాంట్లో చనిపోయినవాళ్ళెవరూ లేరు. అందులోని మనిషి ఆ రోజు నిక్షేపంగా బతికే ఉన్నాడు, ఆ తర్వాత కూడా చాలాకాలం ఉన్నాడు. కాబట్టి దీన్ని దయ్యం కథ అనడానికి నాకు అర్హత లేదు. ఏమనాలో తెలియకే ఇన్నాళ్ళూ చెప్పలేదు.

డెబ్భై తొమ్మిదిలో కువైట్ వెళ్ళాను. సులైబియాలో ఒక కాంట్రాక్టు కంపెనీ యార్డు ఉండేది. ఇళ్ళకు కావలసిన కాంక్రీటు గోడలు, శ్లాబులు అక్కడే పోతపోసి లారీల మీద జహ్రాకి పంపేవాళ్ళు. నేను ఎస్టిమేటర్ని. ప్లాన్లు ముందేసుకుని ఎంత ఇనుము, ఎంత సిమెంటు, ఎన్నాళ్ళ పని అన్నది లెక్కకట్టి చెప్పాలి. లెక్క కట్టడంలో దిట్టనే. ఒంటిని లెక్కచెయ్యకపోవడంలో అంతకన్నా దిట్టనని తర్వాత తేలింది.

నా ఆఫీసు యార్డు మధ్యలో ఒక రేకుల క్యాబిన్. ఆ చివర కఫీల్, అంటే మాకు వీసా ఇచ్చిన కువైటీ యజమాని గది, ఈ చివర నా బల్ల, మధ్యలో చిన్న వంటగది. నేల ప్లైవుడ్డుది. పిల్లి నడిచినా డబడబమని మోగేది. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి.

మా కఫీల్‌ని అందరూ అబూ ఫహద్ అనేవాళ్ళు. చేరిన మొదటిరోజే తన గదిలో కూర్చోబెట్టి గహ్వా ఇప్పించాడు. పాలూ పంచదారా లేని చేదు కాఫీ, యాలకుల వాసన, పిడికిట్లో దాగిపోయే పిడిలేని కప్పు. పోసేది ఖాదర్ భాయ్. రాయచోటి మనిషి, యాభై దాటినవాడు. ఎడమచేతిలో కొమ్ముకూజా లాంటి ఇత్తడి దల్లా, కుడిచేతిలో కప్పుల దొంతర. నేను తాగి కప్పు చాపాను, మళ్ళీ పోశాడు. వద్దన్నాను, పోశాడు. చాలన్నాను, పోశాడు. అబూ ఫహద్ ముందు కప్పు కింద పెడితే ఏం తప్పవుతుందోనని తాగుతూనే ఉన్నాను. పదకొండు కప్పులు. గుండె రైలింజనులా కొట్టుకుంది.

బయటికొచ్చాక ఖాదర్ భాయ్ నవ్వు ఆపుకోలేకపోయాడు.

“ఏం సార్, గహ్వా అంటే అంత పానమా మీకు?”

“ప్రాణమా? ప్రాణం పోతోందయ్యా! వద్దు వద్దంటుంటే పోస్తావేంటి?”

“నోటితో వద్దంటే మర్యాదకంటాండారు అనుకుంటారు సార్ వీళ్ళు. కప్పు ఇట్ల ఊపల్ల,” అని రెండు వేళ్ళ మధ్య ఖాళీ కప్పును అటూ ఇటూ ఆడించి చూపించాడు. “ఊపేదాంక పోస్తానే ఉండల్ల, అది నా డూటీ. ఊపినాంక పోస్తే అది నా తప్పు.”

కాఫీ దగ్గర ఊపడం ఆ రోజే నేర్చుకున్నాను. మిగతా విషయాల్లో నేర్చుకోలేదు.

అబూ ఫహద్ ఒక్కసారి కూడా నా మీద గొంతెత్తలేదు. అదే వచ్చిన చిక్కు. తిట్టేవాడైతే ఎదురు తిరగొచ్చు. ఈయన భుజం మీద చెయ్యేసి, “యల్లా ముహందిస్, ఇదొక్కటి,” అని ఫైలు పెట్టేవాడు. యల్లా అంటే కానీ, ముహందిస్ అంటే ఇంజనీరు. నాకు ‘నో’ అన్నది నోటికి అలవాటు లేని మాట. అలా నాలుగేళ్ళలో ముగ్గురు చెయ్యాల్సిన పని నా ఒక్కడి బల్ల మీదికి చేరింది. బీపీ వచ్చింది, నిద్ర పోయింది. అంటే నిద్రపోవడం కాదు, నిద్రే పోయింది. డాక్టరు పని తగ్గించమన్నాడు. జహ్రా ఇళ్ళ పని అయ్యాక తగ్గిస్తానన్నాను.

మా ఆవిడ పేరు సరళ. పేరుకే. “మీ ఇదొక్కట్లన్నీ కలిపితే ఎన్నయ్యాయో ఆ లెక్క ఎప్పుడైనా వేశారా?” అని అడిగింది ఒకరోజు. వెయ్యలేదు.

రాజీనామా చెయ్యాలని అనుకోలేదని కాదు. ఉత్తరం నాలుగుసార్లు రాశాను. పాస్‌పోర్టు కంపెనీ బీరువాలో ఉంది. ఆయన కాదంటే ఏం చెయ్యాలో తెలియదు. అంతకన్నా, ఆయన బాధపడితే ఏం చెయ్యాలో తెలియదు.

ఎనభై మూడులో రంజాన్ నడి ఎండాకాలంలో వచ్చింది. దానికి వారం ముందు ఖాదర్ భాయ్ సెలవు మీద రాయచోటికి బయల్దేరాడు. చెప్పిపోదామని వచ్చి, నా బల్ల మీది ఫైళ్ళను తేరిపార చూశాడు.

“నాలుగేండ్లాయె సార్. మీరింగా ఊపడం నేర్సుకోల్యా,” అన్నాడు.

నవ్వి మళ్ళీ ఫైలు ముందుకు లాక్కున్నాను.

రంజాన్ మొదటివారంలో ఒకరోజు పొద్దున పదకొండింటికి జహ్రా నుంచి కారులో వస్తున్నాను. కళ్ళు తెరిచేసరికి కారు రోడ్డు మీద లేదు, ఇసుకలో ఉంది. ఇంజను ఆగిపోయి ఉంది. ఎప్పుడు మూశానో తెలియదు. వెనక్కి చూస్తే చక్రాల గుర్తులు, ఎదురు లారీలొచ్చే వైపును అడ్డంగా దాటుకుని వచ్చి ఉన్నాయి. ఆ నిమిషంలో లారీ రాలేదు, అంతే.

ఇంటికెళ్ళి చెబితే సరళ అరవలేదు. తన పెట్టెలోంచి వాళ్ళ నాన్నగారి పగడపు ఉంగరం తీసి నా కుడిచేతికి తొడిగింది. బిగుతుగా ఉంది. “వెళ్ళిపోదామండీ,” అంది. “ఇదొక్కటి...” అని నేను మొదలుపెట్టేసరికి లేచి లోపలికెళ్ళిపోయింది.

ఇక ఆ రోజు. రంజాన్ మూడోవారం. నెల మొదలైన రోజే వంటగదికి తాళంపడింది, తాళంచెవి అబూ ఫహద్ దగ్గరే ఉంది. ఉపవాసం ఉండని మాలాంటి వాళ్ళం కూడా పగటిపూట నలుగురిలో మంచినీళ్ళయినా తాగకూడదు. మధ్యాహ్నం రెండు కావస్తోంది. తన గదిలో ఉన్న అబూ ఫహద్ తప్ప అందరూ ఇళ్ళకు వెళ్ళిపోయారు. పొద్దున అబూ ఫహద్ కొత్త ఫైలు ఒకటి ఇచ్చాడు. నేను తల వంచుకుని ఇనుము లెక్క రాసుకుంటున్నాను.

పక్కన ఎవరో నిలబడ్డారు. తలెత్తకుండా అలవాటుగా చెయ్యి చాపాను. కప్పు చేతిలో పడింది. తాగాను, చాపాను. దల్లా ముక్కు వంగింది, నిండింది. తాగాను. ఇలా నాలుగుసార్లో ఐదుసార్లో. కంటి చివర ఇత్తడి మెరుపు, మడతపెట్టిన తెల్లచొక్కా చెయ్యి కనిపిస్తున్నాయి. నాలుక మీద చేదు, యాలకులు. వేడి.

అప్పుడు గుర్తొచ్చింది, ఇది రంజాన్ అని. ఆ తర్వాత ఖాదర్ భాయ్ రాయచోటిలో ఉన్నాడని.

తలెత్తుదామనుకున్నాను. మెడ లేవలేదు. భయం వల్లనా అంటే కాదు. పెద్దవాళ్ళెవరో ఓపిగ్గా నిలబడి ఉంటే మనకు కలిగే సిగ్గు లాంటిది. దల్లా మళ్ళీ వంగింది. వంగినప్పుడు ఆ చెయ్యి కొద్దిగా వణకడం చూశాను, చాలాసేపు బరువు మోసిన చెయ్యి వణికినట్టు.

నేను కప్పు ఊపాను.

దల్లా వెనక్కి పోయింది. నేల మీద చప్పుడు లేదు. వచ్చినప్పుడూ లేదని అప్పుడు తట్టింది.

ఎంతసేపు అలా ఉన్నానో! డబడబమని అడుగులు మోగాయి. ఇవి అబూ ఫహద్‌వి. తలుపు తోసి నిలబడ్డాడు. నాలుగేళ్ళలో ఆ ముఖంలో కోపం చూడటం అదే మొదలు.

“రంజాన్‌లో గహ్వా కాచిందెవరు?”

ఆయన అరబ్బీ, నా వచ్చీరాని హిందీ, ఇద్దరికీ సగం సగం వచ్చిన ఇంగ్లీషు కలిపి మాట్లాడుకునేవాళ్ళం. తెలుగులో రాస్తున్నాను. కప్పు నా చేతిలోనే ఉంది. ఆయన గబగబా వెళ్ళి వంటగది తాళం తీశాడు, నేనూ వెళ్ళాను. పొయ్యి చల్లగా ఉంది. దల్లా అరలో బోర్లించి ఉంది, దాని మీద సన్నటి ఇసుక పేరుకుని ఉంది. డజను కప్పుల దొంతరలో పదకొండే ఉన్నాయి.

ఆయన నా చేతిలోంచి కప్పు తీసుకుని వాసన చూశాడు.

“ఎవరు పోశారు?”

“ఖాదర్.”

“ఖాదర్ హిందూస్తాన్‌లో ఉన్నాడు.”

“తెలుసు.”

నా నోటి నుంచి మాటలు వాటంతటవే వచ్చాయి. “అబూ ఫహద్, నా వల్ల కాదు. ఆ కొత్త ఫైలూ చెయ్యను, జహ్రా పనీ చెయ్యను. మొన్న కారులో నిద్రపోయాను. మా ఇంటికి వెళ్ళిపోతాను.”

ఆయన నన్ను చూడలేదు, కప్పునే చూస్తున్నాడు. “నువ్వు ఊపావా?” అని అడిగాడు.

“ఊపాను.”

“అయితే ఇక పొయ్యకూడదు,” అన్నాడు. కప్పును పదకొండింటి మీద పెట్టి, వంటగదికి తాళం వేసి, నా బల్ల దగ్గరికొచ్చి కొత్త ఫైలు చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. నాలుగు ఉత్తరాలు రాసి చింపిన నాకు ఐదోది రాసే పనే పడలేదు.

చేతిలో ఉన్న పనులు అప్పజెప్పడానికి రెండునెలలు పట్టింది. పాస్‌పోర్టు చేతికొచ్చిన రోజు సరళ సబ్బు రాసి ఉంగరం లాగి, పెట్టెలో దాచేసింది. “దీని డ్యూటీ అయిపోయింది,” అంది.

ఆ తర్వాత నాలుగురోజులకు ఖాదర్ భాయ్ తిరిగొచ్చాడు. అబూ ఫహద్ అప్పటికే వేసవికి లండన్ వెళ్ళాడు. ఆ మధ్యాహ్నం సంగతి ఆయనకు, నాకు, సరళకు తప్ప ఎవరికీ తెలియదు. ఖాదర్ భాయ్ పాస్‌పోర్టు బీరువాలో పెట్టమని నాకే ఇచ్చాడు. లెక్కల మనిషిని కదా, ముద్రలు చూశాను. రంజాన్‌కు ముందే వెళ్ళాడు, ఇప్పుడే వచ్చాడు. నేనేమీ బయటపెట్టకుండా, ఒంట్లో బాగుందా భాయ్ అని మాత్రం అడిగాను.

“అంతా బాగుండాది సార్, ఈ ఎడమచెయ్యే,” అన్నాడు. “రంజాన్లో ఒగదినం మద్యాన్నం నమాజయినాంక రోంతసేపు పండుకుంటి. కలొచ్చె సార్. ఎవురికో గహ్వా పోస్తాండా, పోస్తాండా. వాడు తాగుతానే ఉండాడు గాని కప్పు ఊపడే! చెయ్యి పడిపోతాదేమో అనిపిచ్చె. అసర్ బాంగు ఇనపడేటప్పటికి ఊపినాడు, మెలకువొచ్చె. మూడుదినాలు మా ఆడమనిషి నూనె రుద్దింది.”

రాయచోటిలో సాయంత్రం ఐదు కావస్తుండగా అసర్ నమాజుకు పిలిచే వేళకు కువైట్‌లో రెండు దాటుతుంది. లెక్క వేసుకున్నాను.

“మొహం చూశావా?”

“అగపల్యా సార్. వొంచుకోనుండాడు. చెయ్యొగటే అగపడె. ఎర్రరాయి ఉంగరం.”

ఆయన దల్లా తెచ్చి నాకు గహ్వా పోశాడు. ఒక కప్పు తాగి ఊపాను. కప్పు తీసుకోబోతూ ఖాదర్ భాయ్ ఆగిపోయి నా వేలి వైపు చూశాడు. ఉంగరం లేదు. అది ఒత్తుకున్న గుర్తు మాత్రం ఇంకా పోలేదు.

చాలాసేపు చూశాడు. తర్వాత ఎడమచేతిని కుడిచేత్తో మెల్లగా రుద్దుకుని, “ఇంగ పొయ్యను సార్,” అని వెళ్ళిపోయాడు. ఆ విషయం మేమిద్దరం మళ్ళీ ఎత్తలేదు.

నిద్ర లేక కునుకు తీసి కలగన్నానని అనుకోవచ్చు. నేనూ అలాగే అనుకుని చాలాసార్లు లెక్క వేశాను. కల సరిపోతుంది. అబూ ఫహద్‌కు వచ్చిన వాసన ఉపవాసపు ఆకలి అనుకుంటే, ఖాదర్ భాయ్ కల కాకతాళీయం అనుకుంటే, అవీ సరిపోతాయి. తాళం వేసిన గదిలోంచి ఆ కప్పు నా చేతికి ఎలా వచ్చిందన్న దగ్గర మాత్రం లెక్క ఆగిపోతుంది. అక్కడ వెతకడానికి గేదె కూడా లేదు.